గామా ఛాంబర్ నుంచి గుంటూరు వచ్చేలోగా తగ్గిపోయిన నైట్రస్ ఆమ్లం: ఒక కేస్ స్టడీ

నేపథ్యం

చాలా ఏళ్ళు ఒక రీప్రాసెసింగ్ ప్లాంటు (వాడిన అణు ఇంధనం నుంచి యురేనియం, ప్లుటోనియం తిరిగి తీసే ప్లాంటు) కంట్రోల్ ల్యాబ్‌లో పనిచేసి, ఇప్పుడు గుంటూరులో ఉంటున్నాను. చుట్టుపక్కల కాలేజీల్లో ఎనలిటికల్ కెమిస్ట్రీ మీద రీసెర్చ్ చేసే పిల్లలు ఏదైనా చిక్కు వస్తే నా దగ్గరికి వస్తుంటారు. ఈ కేసు కూడా అలా వచ్చిందే. స్కాలర్ ఎవరో, కాలేజీ ఏదో, గామా ఛాంబర్ ఉన్న సంస్థ ఎక్కడుందో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. కెమిస్ట్రీలో మాత్రం ఏమీ మార్చలేదు.

ముందుగా ఆ స్కాలర్ అమ్మాయి ఎంచుకున్న విషయం, అంటే రేడియేషన్ వల్ల నైట్రిక్ ఆమ్లంలో పుట్టే నైట్రస్ ఆమ్లం, ఎందుకు ముఖ్యమో చెప్పాలి. వాడిన అణు ఇంధనాన్ని వేడి నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఆ ద్రావణాన్ని దాదాపు 3 మోలార్ ఆమ్లానికి తెచ్చి, డోడెకేన్‌లో 30 శాతం ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ కలిపిన ద్రావకంతో యురేనియం, ప్లుటోనియంలను బయటికి లాగుతారు. ప్యూరెక్స్ అనేది ఈ పద్ధతే. మన దేశంలో 1964లో ట్రాంబేలో మొదలైంది, తర్వాత తారాపూర్‌కు, కల్పాక్కానికి వెళ్ళింది. ఇంధనంలో విచ్ఛిత్తి వల్ల పుట్టిన పదార్థాల రేడియేషన్ ఆ ఆమ్లాన్ని ప్రతి క్షణం విడగొడుతూనే ఉంటుంది. అలా పుట్టేవాటిలో ప్లాంటు మనిషిని ఎక్కువగా పరిగెత్తించేది నైట్రస్ ఆమ్లం.

మొదటి దశలో అది మనకు కావాలి. ప్లుటోనియాన్ని నాలుగో ఆక్సీకరణ స్థితిలో నిలబెట్టేది అదే. తర్వాత యురేనియం నుంచి ప్లుటోనియాన్ని విడదీసే దశ వచ్చేసరికి అదే శత్రువవుతుంది. అక్కడ ప్లుటోనియాన్ని మూడో స్థితికి దించి నీటి పొరలోకి తెస్తాం. నైట్రస్ ఆమ్లం కొంచెం మిగిలినా దాన్ని మళ్ళీ నాలుగుకు ఎక్కిస్తుంది. ఆ చర్యలో నైట్రిక్ ఆమ్లం నుంచి ఇంకా నైట్రస్ ఆమ్లం పుడుతుంది, అది ఇంకొంత ప్లుటోనియాన్ని ఎక్కిస్తుంది. అందుకే ఆ దశలో హైడ్రజీన్ వేసి నైట్రస్ ఆమ్లాన్ని పుట్టినదాన్ని పుట్టినట్టు చంపేస్తారు. నెప్ట్యూనియంతో ఇంకో తలనొప్పి. నైట్రస్ ఆమ్లం కొద్దిగా ఉంటే నెప్ట్యూనియం ఆరో స్థితికి ఎక్కి ద్రావకంలోకి పోతుంది. ఎక్కువ ఉంటే ఐదో స్థితికి దిగి నీటిలోనే ఉండిపోతుంది. కాబట్టి రేడియేషన్ వల్ల ఎంత నైట్రస్ ఆమ్లం పుడుతుందనే లెక్కకు ప్లాంటులో నిజమైన విలువ ఉంది.

స్కాలర్ పని ఇది. యురేనియం గానీ ప్లుటోనియం గానీ లేకుండా, 1 నుంచి 4 మోలార్ వరకు శుద్ధ నైట్రిక్ ఆమ్లాన్ని సీసాల్లో తీసుకుని, కోబాల్ట్-60 గామా ఛాంబర్‌లో (కోబాల్ట్ సోర్స్ నుంచి వచ్చే గామా కిరణాలు శాంపిల్ మీద పడే గది) 1 నుంచి 10 కిలోగ్రే (గ్రే అంటే కిలోకు ఒక జౌల్ రేడియేషన్ శక్తి) దాకా డోస్ ఇచ్చి, పుట్టిన నైట్రస్ ఆమ్లాన్ని కొలవాలి. కొన్ని శాంపిళ్ళలో హైడ్రజీన్ కూడా ఉంటుంది. ఛాంబర్ గుంటూరులో లేదు, కారులో ఐదారు గంటల దూరం. అక్కడ డోస్ ఇప్పించుకుని, శాంపిళ్ళు ఇక్కడికి తెచ్చి, మర్నాడు పొద్దున కాలేజీ ల్యాబ్‌లో కొలుస్తున్నారు.

వచ్చిన సమస్య

ఆమె తెచ్చిన నోట్‌బుక్ చాలా శుభ్రంగా ఉంది. ప్రతి సీసాకు నంబరు, డోస్, ఆమ్లం గాఢత, రీడింగ్, తేదీ అన్నీ ఉన్నాయి. అంకెలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగడం లేదు. ఒకే డోస్ తీసుకున్న జంట సీసాల్లో ఒకటి ఇంకోదానికి రెట్టింపు చూపిస్తోంది. 10 కిలోగ్రే తీసుకున్న సీసాలో 5 కిలోగ్రే సీసా కంటే తక్కువ నైట్రైట్ (కొలతలో నైట్రస్ ఆమ్లం కనిపించే అయాన్ రూపం) కనిపిస్తోంది. అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆమ్లం గాఢత పెరిగితే నైట్రస్ ఆమ్లం దిగుబడి పెరగాలి. ద్రావణంలో నైట్రేట్ ఎక్కువయ్యే కొద్దీ రేడియేషన్ శక్తి నేరుగా నైట్రేట్ మీదే పడుతుంది, ఎలక్ట్రాన్లను కూడా అదే ముందుగా పట్టేస్తుంది. ఆమె అంకెల్లో 4 మోలార్ ఆమ్లం 1 మోలార్ కంటే తక్కువ ఇస్తోంది.

ఎక్కువ డోస్ దగ్గర ఇది సహజమైన సంతృప్త స్థితి అయి ఉండొచ్చని గైడ్ గారి అభిప్రాయం. అందులో కొంత నిజం ఉంది. నైట్రస్ ఆమ్లం పోగయ్యే కొద్దీ రేడియేషన్ పుట్టించే చురుకైన ముక్కలు, అంటే హైడ్రాక్సిల్ రాడికల్, నైట్రేట్ రాడికల్, దాన్నే తినడం మొదలుపెడతాయి, గ్రాఫ్ నిజంగానే వంగుతుంది. ఆ వంపు వల్ల గ్రాఫ్ ఒక చోట నిలవొచ్చు గానీ, జంట సీసాలు ఒకదానికొకటి రెట్టింపు కావడానికి అది కారణం కాలేదు. తేడాగా వచ్చిన పాయింట్లు తీసేసి మిగిలినవాటి మీద గీత గీద్దామా అన్నది అప్పుడు వాళ్ళ ముందున్న ప్రశ్న. థీసిస్ గడువు దగ్గర పడుతోంది, టెన్షన్ అర్థమవుతూనే ఉంది. కానీ ఏ పాయింటు తప్పో కారణం తెలియకుండా తీసేస్తే, మిగిలింది కరెక్టని చెప్పే ఆధారం కూడా పోతుంది. ముందు కారణం పట్టుకుందాం అన్నాను.

డోస్ సంగతి

ఇలాంటి కేసుల్లో మొదటి అనుమానం ఎప్పుడూ డోస్ మీదే. ఛాంబర్ సర్టిఫికెట్ మూడేళ్ళ పాతది. కోబాల్ట్-60 అర్ధాయువు 5.27 ఏళ్ళు, అంటే మూడేళ్ళలో దాదాపు మూడో వంతు బలం పోతుంది. ఆమె ఆ దిద్దుబాటు చేసింది. అయినా కాగితం మీద లెక్క సరిపోదు, ద్రావణంతోనే కొలవాలని ఫ్రికె డోసిమీటర్ (డోస్ కొలిచే ద్రావణం) పెట్టించాను.

హ్యూగో ఫ్రికె, స్టెర్న్ మోర్స్ 1927లో చూపించిన పద్ధతి ఇది. 0.4 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో 1 మిల్లీమోలార్ ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్, అంతే గాఢతలో సోడియం క్లోరైడ్. రేడియేషన్ తగిలితే ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్ అవుతుంది, దాన్ని 304 నానోమీటర్ల దగ్గర చదువుతాం. దీని లెక్క పిల్లలకు బోర్డు మీద వేసి చూపించడం నాకిష్టం. ఆమ్లం పీల్చుకున్న ప్రతి 100 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తికి హైడ్రోజన్ పరమాణువులు 3.65, హైడ్రాక్సిల్ 2.9, హైడ్రోజన్ పెరాక్సైడ్ 0.8 పుడతాయి. గాలి ఉన్నప్పుడు ఒక్కో హైడ్రోజన్ పరమాణువు ఆక్సిజన్‌తో కలిసి, చివరికి మూడు ఫెర్రస్ అయాన్లను మారుస్తుంది. పెరాక్సైడ్ రెండిటిని, హైడ్రాక్సిల్ ఒకదాన్ని. అన్నీ కూడితే 15.45. ప్రయోగంలో వచ్చే విలువ 15.5. ద్రావణంలో ఆక్సిజన్ అయిపోతే అదే లెక్క 8.2 దగ్గరికి పడిపోతుంది, అందుకే దీన్ని 400 గ్రే దాటి వాడం. సోడియం క్లోరైడ్ ఎందుకంటే, ద్రావణంలో ఎక్కడో అంటిన కర్బన మలినం దిగుబడిని దొంగతనంగా పెంచకుండా ఆపడానికి.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాను. శాంపిల్ ఛాంబర్‌లోకి దిగేటప్పుడూ పైకి వచ్చేటప్పుడూ కొంత డోస్ పడుతుంది. ఒకే సమయం పెట్టి భాగిస్తే అది లెక్కలో కలిసిపోతుంది. వేరువేరు సమయాలు పెట్టి గ్రాఫ్ గీస్తే వాలు అసలు డోస్ రేటును ఇస్తుంది, దిగి ఎక్కే డోస్ గీత మొదట్లో విడిగా తేలుతుంది. రెండోది చదివేటప్పటి వేడి. ఫెర్రిక్ శోషణ డిగ్రీకి దాదాపు 0.7 శాతం పెరుగుతుంది. మే నెల గుంటూరులో కరెంటు పోయి ఏసీ ఆగిన ల్యాబ్ 35 డిగ్రీలుంటే, 25 డిగ్రీలకు రాసిన స్థిరాంకంతో 7 శాతం తప్పు వస్తుంది. క్యూవెట్ (ద్రావణం పోసి చదివే చిన్న గాజు పాత్ర) పక్కనే థర్మామీటర్ పెట్టుకోమన్నాను.

ఫ్రికె ఫలితం సర్టిఫికెట్ లెక్కతో చక్కగా కలిసింది. అప్పుడు ఆమె అడిగిన ప్రశ్న ఈ కేసు మొత్తానికి కీలకం.

“ఫ్రికె కూడా అదే కారులో వచ్చింది కద సార్. అదే రోజు, అదే పెట్టెలో. అది కరెక్టుగా వచ్చినప్పుడు మన పద్ధతి అంతా కరెక్టే అవ్వాలి కదా?”

చూడ్డానికి బలమైన వాదన. అందులో లోపం ఎక్కడుందంటే, ఫెర్రిక్ ఒక గమ్యం. గాలి ఉన్న ఆమ్లంలో ఫెర్రస్ ఫెర్రిక్‌గా మారాక తిరిగి వెళ్ళే దారి లేదు. సీసా మూసి చీకట్లో పెడితే మర్నాడు చూసినా దాదాపు అంతే ఉంటుంది. నైట్రస్ ఆమ్లం అలా కాదు, అది దారి మధ్యలో ఉన్న పదార్థం. సోర్స్ నుంచి బయటికి తీశాక కూడా దాని చర్యలు నడుస్తూనే ఉంటాయి. రెండిటికీ ఒకే ప్రయాణం జరిగినా, ఆ ప్రయాణం వాటికి చేసిన పని ఒకటి కాదు. ఫ్రికె డోస్‌కు సాక్ష్యం చెప్తుంది. నైట్రైట్‌కు సాక్ష్యం చెప్పడం దానికి చేతకాదు.

కొలత పద్ధతి మీద అనుమానం

ప్రయాణం మీద అనుమానం ఉన్నా, ముందు కొలత పద్ధతిని చూడక తప్పలేదు. వాళ్ళు వాడుతున్నది గ్రీస్ పద్ధతి. సల్ఫానిలమైడ్‌తో నైట్రైట్‌ను డయాజో లవణంగా మార్చి, నాఫ్తైల్ ఇథిలీన్ డైఅమైన్‌తో గులాబి రంగు తెప్పించి, 540 నానోమీటర్ల దగ్గర చదవడం. తాగే నీళ్ళలో నైట్రైట్‌కు వాడే పద్ధతే ఇది. సున్నితత్వానికి లోటు లేదు. చిక్కల్లా ఏమిటంటే వాళ్ళ స్టాండర్డులు (పోల్చడానికి తెలిసిన మోతాదుతో చేసే ద్రావణాలు) మామూలు నీళ్ళలో చేసినవి, శాంపిళ్ళేమో గాఢ ఆమ్లంలోవి. ఆమ్లం ఎక్కువైతే రెండో దశ కలయిక నెమ్మదిస్తుంది, రంగు పూర్తిగా రాకముందే చదివేస్తాం.

కాబట్టి స్టాండర్డులను అదే ఆమ్లంలో చేసి, శాంపిల్‌ను ఎంత పలుచన చేస్తారో వాటినీ అంతే చేసి పోల్చమన్నాను. తేడా వచ్చింది గానీ చిన్నదే. 4 మోలార్ దగ్గర కొంచెం పెరిగింది. జంట సీసాల మధ్య రెట్టింపు తేడా అలాగే ఉంది. ఇది ఫలించలేదనే చెప్పాలి, అయినా వృథా కాలేదు. అప్పుడే తయారుచేసిన ఆమ్లంలో తెలిసిన నైట్రైట్ వేసి వెంటనే చదివితే వేసినంతా తిరిగి వస్తోందని ఇందులో తేలింది. అంటే కొలిచే చేయి బాగానే ఉంది. కొలిచే క్షణానికి సీసాలో ఉన్నదే తక్కువ.

రబ్బరు మూతలు

ఆ దశలో ఒకసారి సీసాలన్నీ బల్ల మీద వరసగా పెట్టించి చూశాను. మరచుట్టు మూతలు, లోపల రబ్బరు లైనర్. ఎక్కువ డోస్ తీసుకున్న సీసాల లైనర్లు పసుపెక్కి ఉన్నాయి. గోటితో గీస్తే ఒకటి రెండు పెళుసుగా పొడి రాలాయి. డోస్ తీసుకోని ఆమ్లం సీసాలవి కూడా కాస్త రంగు మారాయి, నైట్రిక్ ఆవిరి ఊరుకోదు కదా. కానీ వాటికీ వీటికీ తేడా కంటికి స్పష్టంగా కనిపిస్తోంది. ఇంకో సంగతి, కొన్ని సీసాలు మెడ దాకా నిండి ఉన్నాయి, కొన్ని సగమే. ఎందుకని అడిగితే, ఛాంబర్‌లో ఒకేసారి ఎక్కువ సీసాలు పట్టాలని చిన్నా పెద్దా సీసాలు కలిపి వాడారట, అన్నిటిలో పోసిన ఆమ్లం మాత్రం ఒకే కొలత. నోట్‌బుక్‌లో సీసా సైజు రాయలేదు, కానీ సీసాల మీద నంబర్లున్నాయి. పోల్చి చూస్తే తక్కువ రీడింగులు చాలావరకు సగం ఖాళీగా ఉన్న సీసాలవే.

ఇక్కడితో బొమ్మ కొంత తేటపడింది. ఆమ్లంలో నైట్రస్ ఆమ్లం తనంత తానే విడిపోయి నైట్రిక్ ఆమ్లం, నైట్రిక్ ఆక్సైడ్ అవుతుంది. ఆమ్లం గాఢంగా ఉంటే నైట్రిక్ ఆమ్లంతో కలిసి నైట్రోజన్ డయాక్సైడ్‌గా కూడా మారుతుంది. ఈ వాయువులు ద్రావణంలోనే ఉంటే వెనక్కి తిరిగి రావచ్చు. పైన ఖాళీ ఉంటే అందులోకి పోతాయి, అక్కడి గాలిలో ఆక్సిజన్‌తో కలుస్తాయి, కొంత రబ్బరు మింగుతుంది, మిగిలింది మూత తీయగానే పోతుంది. అప్పుడు చర్య వెనక్కి రాదు, ముందుకే నడుస్తుంది. వేడి ఎక్కువైతే ఇదంతా ఇంకా వేగంగా జరుగుతుంది. ఆమ్లం గాఢమయ్యే కొద్దీ డయాక్సైడ్ దారి పెరుగుతుంది కాబట్టి, 4 మోలార్ సీసాలు 1 మోలార్ కంటే ఎందుకు వెనకబడ్డాయో దీనితో అర్థమవుతుంది. విడిపోవడానికి రెండు మూడు అణువులు కలవాలి కాబట్టి ఎక్కువ ఉన్న సీసాలో నష్టం మరీ వేగంగా ఉంటుంది. అందుకే 10 కిలోగ్రే సీసా దిగుతూ దిగుతూ 5 కిలోగ్రే సీసా దగ్గరికి, ఒక్కోసారి దానికి కిందికి కూడా వచ్చింది. గైడ్ గారు సంతృప్త స్థితి అనుకున్నదాంట్లో చాలా భాగం ఇదే.

కానీ ఇది ఊహే. నిరూపించాలంటే రేడియేషన్‌ను పక్కన పెట్టి చూడాలి.

డోస్ లేని సీసాలతో పరీక్ష

ఈ కేసులో అన్నిటికంటే ఖర్చు తక్కువ ప్రయోగం ఇదే, అన్నిటికంటే ఎక్కువ చెప్పింది కూడా ఇదే. రేడియేషన్ తగలని 3 మోలార్ ఆమ్లాన్ని ముందే చల్లబరిచి, సోడియం నైట్రైట్ ద్రావణాన్ని పిపెట్ మొనతో అడుగుకు నెమ్మదిగా వదిలించాను. పైనుంచి పోస్తే పడిన చోటే పొగ లేచి కొంత పోతుంది. 100 ఎలక్ట్రాన్ వోల్టులకు ఒక అణువు చొప్పున పుట్టిందనుకుంటే 5 కిలోగ్రేకు లీటరుకు అర మిల్లీమోల్ పైచిలుకు వస్తుంది. అంతే వేశాం. కొన్ని సీసాలు నిండా, కొన్ని సగం. ఒక వరస ఐసు నీళ్ళలో, ఇంకో వరస 42 డిగ్రీల వాటర్ బాత్‌లో. ఎండలో నడిచే కారు డిక్కీ అంతకు తక్కువ ఉండదు.

మర్నాటికి ఐసులో నిండా ఉన్నవి దాదాపు చెక్కుచెదరలేదు. బాత్‌లో సగం ఖాళీగా ఉన్నవి సగానికి పైగా పోగొట్టుకున్నాయి. మిగిలినవి ఈ రెండిటికీ మధ్యలో ఉన్నాయి. రేడియేషన్ అన్న మాటే లేకుండా, ఆమె నోట్‌బుక్‌లోని గందరగోళం మొత్తం మళ్ళీ పుట్టింది. దోషం గామా ఛాంబర్‌ది కాదు, గ్రీస్ పద్ధతిదీ కాదు.

హైడ్రోజన్ పెరాక్సైడ్ కారణం కాదా అని గైడ్ గారు అడిగారు. మంచి ప్రశ్న. గాఢ ఆమ్లంలో పెరాక్సైడ్ నైట్రస్ ఆమ్లాన్ని తిరిగి నైట్రిక్‌గా మార్చేస్తుంది, కానీ ఆ చర్య చాలా వేగం. 3 మోలార్ ఆమ్లంలో క్షణాల్లో అయిపోతుంది. అంటే అది ఛాంబర్ లోపలే, డోస్ పడుతుండగానే ముగిసిపోతుంది. నికర దిగుబడిని అది తగ్గిస్తుంది, మనం కొలవాలనుకుంటున్నది ఆ నికరాన్నే. గంటల తరబడి సాగే ప్రయాణ నష్టానికి మాత్రం అది కారణం కాలేదు.

ఐసు పెట్టె, తర్వాత సోడా

నష్టం వేడి వల్లే కదా అని థర్మోకోల్ పెట్టెలో ఐసు పెట్టి తెచ్చారు. నష్టం తగ్గింది, తేడాలు పోలేదు. పిడుగురాళ్ళ దగ్గర భోజనానికి ఆగేసరికే పెట్టె అడుగున నీళ్ళు చేరాయి. మధ్య సీసాలు చల్లగా ఉన్నాయి, గోడ పక్కవి లేవు. తగ్గించిన నష్టం వేరు, తెలిసిన నష్టం వేరు. ప్రతి సీసాలో ఎంత పోయిందో తెలియనంత వరకు సగటు నష్టం తగ్గినందువల్ల అంకె నమ్మదగిందైపోదు.

ఆ ప్రయాణంలోనే డ్రైవర్ ఆ పెట్టెలో రేడియేషన్ ఉందా అని భయంగా అడిగాడట. ఆ భయం చాలామందికి ఉంటుంది కాబట్టి ఇక్కడే చెప్తున్నాను. కోబాల్ట్-60 గామా కిరణాల శక్తి 1.17, 1.33 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. భారజలంలోని డ్యుటీరియం కేంద్రకాన్ని విడగొట్టడానికే 2.22 కావాలి. ఆమ్లంలోని హైడ్రోజన్, నైట్రోజన్, ఆక్సిజన్ ఏవీ ఈ కిరణాలతో రేడియోధార్మికం కావు. జాగ్రత్త పడాల్సింది నైట్రిక్ ఆమ్లంతోనే. అందుకే బస్సూ రైలూ వద్దని, చిందినా పట్టే ట్రేలో పెట్టి అద్దె కారులోనే తెమ్మన్నాను.

తర్వాతి ఆలోచన సోడా. క్షారంలో నైట్రైట్ అయాన్‌గా ఉంటే విడిపోదు, నిశ్చింతగా నిలుస్తుంది. సోర్స్ దగ్గరే ప్రతి సీసాలో సరిపడా సోడియం హైడ్రాక్సైడ్ పోస్తే చాలనుకున్నారు. సిద్ధాంతం సరైనదే, ఫలితం మాత్రం నిరాశపరిచింది. 3 మోలార్ ఆమ్లానికి సమాన ఘనపరిమాణంలో అంతే గాఢతగల క్షారం పోస్తే ద్రావణం 20 డిగ్రీలు వేడెక్కుతుంది. క్షారం ఆమ్లంలోకి పోతోంది కాబట్టి చివరి చుక్క పడేదాకా సీసాలో ఉన్నది ఆమ్లమే, అదీ వేడెక్కిన ఆమ్లం. మనం కాపాడాలనుకున్నదాన్ని కాపాడే క్షణంలోనే పోగొట్టుకుంటున్నాం.

ఫలించింది

వరస తిరగేశాం. సీసాలో క్షారం పోయడం మానేసి, సీసా నుంచి 0.2 మిల్లీలీటర్ల శాంపిల్ తీసి, ఐసులో పెట్టిన గొట్టంలోని 10 మిల్లీలీటర్ల 0.1 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లోకి, మొన మునిగి ఉండగా వదలమన్నాను. 0.2 మిల్లీలీటర్ల 3 మోలార్ ఆమ్లంలో 0.6 మిల్లీమోల్ ఆమ్లం, గొట్టంలో 1 మిల్లీమోల్ క్షారం. శాంపిల్ పడిన క్షణం నుంచి అది క్షారంలోనే ఉంటుంది. వేడి పెరిగేది ఒక డిగ్రీ లోపే. 4 మోలార్ ఆమ్లానికి కూడా క్షారం ఇంకా మిగులుతుంది. పైగా యాభై రెట్లు పలచబడుతుంది కాబట్టి నైట్రైట్ గ్రీస్ పద్ధతికి సరిగ్గా సరిపోయే స్థాయికి వస్తుంది. గుంటూరు వచ్చాక వేరే పలుచన పని కూడా లేదు.

ఇది పనిచేస్తుందని నమ్మే ముందు ఒక షరతు పెట్టాను. తెలిసిన నైట్రైట్ వేసిన గొట్టాలు కొన్ని ఇక్కడి నుంచే బయలుదేరి, సోర్స్ దాకా వెళ్ళి, ఐసు లేకుండా ఎండలో తిరిగి రావాలి. వాటిలో వేసినంతా తిరిగి కనిపిస్తేనే మిగతా వాటిని లెక్కలోకి తీసుకుందాం అన్నాను. కనిపించింది. ఎక్కువ డోస్ శాంపిళ్ళకు ఇంకో సరిచూపు కూడా దొరికింది. నైట్రస్ ఆమ్లానికి 350 నుంచి 390 నానోమీటర్ల మధ్య దువ్వెన పళ్ళలాంటి శిఖరాలుంటాయి. అక్కడి సంస్థ వాళ్ళు తమ స్పెక్ట్రోఫోటోమీటర్ వాడుకోనిచ్చారు. పొడవు క్యూవెట్‌లో, సీసా బయటికి రాగానే, ఏ రసాయనం కలపకుండా చదివారు. శోషణ బలహీనం కాబట్టి తక్కువ డోస్‌లకు ఇది పనికిరాదు. 8, 10 కిలోగ్రే దగ్గర మాత్రం క్షారంలో పట్టి తెచ్చిన విలువలతో బాగా కలిసింది.

ఇంకా ఒక మూల మిగిలింది. డోస్ ఇవ్వడానికే గంటలు పడుతుంది, ఛాంబర్ లోపల గది కంటే వేడి. ఆ గంటల్లో జరిగే నష్టాన్ని బయటికి తీశాక చేసే ఏ పనీ ఆపలేదు. రబ్బరు మూతలు మాన్పించి గ్రౌండ్ గ్లాస్ బిరడాలు పెట్టించాను, చిన్న బుడగ మాత్రం వదిలి మెడ దాకా నింపించాను. పూర్తిగా నింపకూడదు, హైడ్రోజన్, ఆక్సిజన్ పుడతాయి, ద్రావణం వేడికి వ్యాకోచిస్తుంది. ఆ పైన, పెద్ద డోస్ ఒక్కటి ఇచ్చి భాగించే పద్ధతి వదిలి, చిన్న డోస్‌లు కొన్ని ఇచ్చి మొదటి వాలును దిగుబడిగా తీసుకోమన్నాను. మొదటి వాలు దగ్గర నైట్రస్ ఆమ్లం ఇంకా తక్కువే ఉంటుంది, దాన్ని తినే చర్యలకూ విడిపోవడానికీ బలం చాలదు. అసలైన వంపు ఏదైనా ఉంటే అది ఎక్కువ డోస్ దగ్గర తనంతట తాను కనిపిస్తుంది. కనిపించింది కూడా. గైడ్ గారు మొదట చెప్పిన సంతృప్త స్థితిలో కొంత నిజమేనని అప్పుడు తేలింది. జంట సీసాలు దగ్గరికి వచ్చాయి, ఆమ్లం గాఢతతో పాటు దిగుబడి పెరగడం కనిపించింది.

హైడ్రజీన్ శాంపిళ్ళు

హైడ్రజీన్ వేసిన సీసాల్లో నైట్రైట్ సున్నా. దీన్ని ఆమె డ్రాఫ్ట్‌లో “హైడ్రజీన్ సమక్షంలో నైట్రస్ ఆమ్లం ఏర్పడదు” అని రాసింది. ఆ వాక్యం మార్పించాను. ఏర్పడుతుంది, ఏర్పడగానే హైడ్రజీన్ దాన్ని తినేస్తుంది, తిన్నప్పుడల్లా హైడ్రజీన్ తరుగుతుంది, హైడ్రజోయిక్ ఆమ్లం పుడుతుంది. ప్లాంటుకు కావలసిన సంగతి ఇదే. హైడ్రజీన్ ఎన్ని గంటలు నిలుస్తుంది, అజైడ్ (ఆ హైడ్రజోయిక్ ఆమ్లం రూపం) ఎంత పోగవుతుంది అన్నది తెలియాలి. అందుకని మిగిలిన హైడ్రజీన్‌ను కొలిపించాను.

అదే వరసలో హైడ్రాక్సిలమీన్ నైట్రేట్ (ప్లుటోనియాన్ని మూడో స్థితికి దించడానికి వాడే పదార్థం) కూడా చూద్దామని, దాన్ని నైట్రిక్ ఆమ్లంలో వేడి చేసి గాఢం చేస్తామని ఆమె అడిగింది. ఒప్పుకోలేదు. 1997 మే 14న అమెరికాలోని హాన్‌ఫోర్డ్‌లో, ఏళ్ళ తరబడి వదిలేసిన ఇదే మిశ్రమం ట్యాంకులో నీరు ఆవిరై, గాఢత పెరిగి పేలింది. అక్కడ కూడా చర్యను తనకు తాను రాజేసుకునేలా చేసేది నైట్రస్ ఆమ్లమే. గుంటూరులో ఒక కాలేజీ ఫ్యూమ్ హుడ్‌లో చేయాల్సిన పని కాదది.

ఇప్పుడు నేను అడుగుతున్నవి

ఇలాంటి పనితో ఎవరు వచ్చినా ఇప్పుడు నేను మొదట అడిగేది, సోర్స్ నుంచి సీసా బయటికి వచ్చిన గంట ఎంత, చదివిన గంట ఎంత అని. ఆ రెండు గడులు నోట్‌బుక్‌లో డోస్ పక్కనే ఉండాలి. సీసా ఎంత నిండింది, మూత దేనితో చేసింది అన్నవి కూడా ఉండాలి. డోస్ తీసుకోని, తెలిసిన మోతాదు వేసిన సీసా ఒకటి ప్రతి ప్రయాణంలోనూ వెంట వెళ్ళి రావాలి. ఖాళీ ఆమ్లం బ్లాంక్ ఒక్కటే చాలదు. లేనిదాన్ని లేదని చూపించడం దానికి వచ్చు, ఉన్నది పోయిందని చూపించడం రాదు.

వైవాలో ఈ విలువలను నేరుగా ప్లాంటు ద్రావణానికి వాడొచ్చా అని అడిగారట. వాడకూడదని ఆమె చెప్పిన జవాబు సరైనదే. ఆమెవి గామా విలువలు. ప్లుటోనియం ఉన్న ద్రావణంలో ఆల్ఫా కణాలుంటాయి. అవి తమ దారిలో శక్తిని దట్టంగా దింపుతాయి, రాడికల్స్ ఒకదానికొకటి దగ్గరగా పుట్టి అక్కడికక్కడే కలిసిపోతాయి. అదే ఫ్రికె ద్రావణంలో పొలోనియం-210 ఆల్ఫాకు దిగుబడి 15.5 నుంచి 5.1 దగ్గరికి పడిపోతుంది. నైట్రిక్ ఆమ్లంలో కూడా రెండిటి లెక్క ఒకటి కాదు.

ఇప్పుడు ఆమె ఇనుము కలిపిన ఆమ్లం మీద పని మొదలుపెట్టింది. స్టీలు తుప్పు వల్ల ప్లాంటు ద్రావణాల్లో ఇనుము ఎప్పుడూ కొంత ఉంటుంది, ఫెర్రస్ రూపంలో ఉన్నది నైట్రస్ ఆమ్లంతో చర్య జరిపి నైట్రిక్ ఆక్సైడ్ ఇస్తుంది. క్షారంలో వదిలితే ఇనుము హైడ్రాక్సైడ్‌గా అడుగున చేరుతుంది, అది నైట్రైట్‌ను కొంత పట్టుకుంటుందేమో చూడాలి. అందుకే ఛాంబర్ బుక్ చేయకముందే, ఇనుమూ నైట్రైటూ తెలిసిన మోతాదులో వేసిన గొట్టాలను ల్యాబ్ కిటికీ పక్కన ఎండలో పెట్టి, గంట గంటకూ చదువుతోంది.